హులిగెమ్మ మీద నా కుళ్లు

ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడు ఒక మాట తప్పకుండా అంటారు. "అక్కా, చిన్నపిల్లలు కష్టపడుతుంటే చూడలేం. మాకు చాలా జాలి." నేను వాళ్లకు చాయ్ పోసి ఇస్తాను. జాలి మంచి గుణమే. అయితే అది రెండో వానాకాలం దాకా నిలవదు. బస్సు తప్పిపోయి, బురదలో చెప్పు తెగి, నాలుగిళ్లలో తిట్లు తిని, అయిదో ఇంటి ముందు కుక్క వెంటపడ్డ రోజున ఆ జాలి ఎటు పోతుందో వాళ్లకే తెలియదు.

నన్ను ఇన్నేళ్లు ఈ పనిలో నిలబెట్టింది కుళ్లు. నేను ఏ పిల్లలను బడికి పంపానో ఆ పిల్లల మీదే కుళ్లు. వాళ్ల పలక మీద, వాళ్ల రిబ్బన్ల మీద, పొద్దున వాళ్లకు దొరికే పాల గ్లాసు మీద. నేను పని మానుకున్న రోజు సభ పెట్టి, దండ వేసి, అందరూ నాది తల్లి మనసు అన్నారు. తల్లి మనసు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నాది అది కాదు. అందుకే జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను. అక్షరాలు ఆలస్యంగా నేర్చాను, పెద్ద మాటలు రావు. ఉన్న మాటలతోనే రాస్తాను.

మా పని

రాయచూరు వైపు ఊరూరా తిరిగి, చేలో పనిచేసే పిల్లలను బడికి పంపమని చెప్పడం మా పని. ఆఫీసులో దానికి చైతన్యం అని పేరు. ఊళ్లలో మాత్రం మమ్మల్ని పాటలోళ్లు అనేవాళ్లు. ఒక డప్పు, రెండు పాటలు, చిన్న నాటకం, చివర్లో నాలుగు మాటలు. కన్నడంలో ఒకసారి చెప్పాలి, తెలుగులో ఒకసారి చెప్పాలి. ముదగల్ బజారులాంటి చోట ఉర్దూ కూడా కలపకపోతే జనం నిలబడరు.

నేను ఇందులోకి వచ్చింది గొంతు వల్ల. అప్పటికి పత్తి ఏరే కూలిని. మా ఊరికి ఈ పాటలోళ్లు వచ్చిన రోజు వాళ్ల పాట పాడే అమ్మాయికి జలుబు చేసి గొంతు పోయింది. మా ఆడవాళ్లు నన్ను ముందుకు తోశారు. వాళ్ల పాట నాకు రాదు కాబట్టి, మేం నాట్లేసేటప్పుడు పాడుకునే వరసలో వాళ్ల మాటలు పెట్టి పాడాను. సంస్థను నడిపే ప్రభాకర్ సార్ ఆ సాయంత్రమే "మాతో వస్తావా?" అని అడిగారు. సంతకం రాదన్నాను. "గొంతు ఉంది కదా, చాలు" అన్నారు.

మొదట్లో మా నాటకంలో తాగుబోతు తండ్రి ఉండేవాడు. బిడ్డను చేనికి పంపి, తాను సారా తాగి తూలుతుంటాడు. ఆ వేషం వేసే మనిషి బాగా తూలేవాడు. మగవాళ్లు పడీపడీ నవ్వేవారు. నాటకం అయిపోయాక ఆయన్ను పిలిచి, చాయ్ తాగించి, మళ్లీ తూలి చూపించమనేవారు. పిల్ల సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. ఒక ఊళ్లో ఒక ఆడమనిషి నన్ను పక్కకు పిలిచి, "మా ఇంటాయన తాగడు. అయినా నా బిడ్డ చేన్లనే ఉంది. మీ నాటకంల మేం ఎక్కడున్నం?" అని అడిగింది. ఆ తర్వాత తాగుబోతును తీసేశాం. నవ్వులు తగ్గాయి, జనమూ తగ్గారు. కానీ ఉన్నవాళ్లు చివరిదాకా ఉన్నారు.

పేదపిల్లల కష్టం జనానికి తెలియజేయాలి అంటారు. తెలియనిది ఎవరికి? తల్లికి తెలియదా? రైతుకు తెలియదా? రోజూ ఆ పిల్లలను ఎక్కించుకుపోయే ఆటో అతనికి తెలియదా? అందరికీ తెలుసు. తెలిసినా వాళ్ల కంటికి ఆనదు. నా అనుభవంలో పాట పాడితే ఆనలేదు, నాటకమాడితే ఆనలేదు. పక్కింటి మీద కుళ్లు పుడితే ఆనింది.

అది ఎలాగో చెబుతాను. ఒక వీధి నుంచి ఒక్క పిల్లను మా శిబిరానికి తీసుకుపోతాం. శిబిరమంటే బడి మానేసిన పిల్లలను ఏడాదో రెండేళ్లో ఒకచోట ఉంచి, తిండి పెట్టి, చదువు చెప్పి, ఆ తర్వాత మామూలు బడిలో చేర్చే చోటు. పండుగకు ఆ పిల్లను ఇంటికి పంపేటప్పుడు తలకు నూనె పెట్టి, రెండు జడలు వేసి, ఎర్ర రిబ్బన్లు కట్టేదాన్ని. ఆటోలో ఇంటి ముందు దింపేదాన్ని కాదు. ఊరి మొదట దింపి వీధంతా నడిపించేదాన్ని. పక్కింటి తల్లి వాకిట్లో నిలబడి చూసేది. మర్నాడు ఆమే వచ్చి, "మా పోరి ఏం పాపం చేసిందక్కా? దానికి జడలు లేవా?" అనేది. ఈ ఉపాయం సార్‌కు నచ్చేది కాదు. హక్కుల గురించి చెప్పాలి గానీ రిబ్బన్ల గురించి కాదు అనేవారు. ఆయన చెప్పింది సరైనదే. కానీ పిల్లలు వచ్చింది రిబ్బన్ల వల్లే.

పువ్వుకు సెలవు లేదు

కల్లూరు దాటి లోపలికి పోతే ఉన్న ఒక పల్లెలో విత్తనపు పత్తి వేసేవారు. మామూలు పత్తి కాదు ఇది. సాయంత్రం, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను పట్టుకుని, రేకులూ పుప్పొడీ గిల్లి తీసేయాలి, మధ్యలోని కాడ మిగలాలి. పొద్దున మగపువ్వును తెచ్చి ఆ కాడకు రుద్దాలి. దీన్ని క్రాసింగ్ అంటారు. పూత ఉన్నన్నాళ్లూ రోజూ చేయాలి. ఒక్క పూట వదిలితే ఆ పూట పువ్వులు పోయినట్టే.

ఈ పనికి చిన్న ఆడపిల్లలే కావాలనేవారు. చెట్టు ఎత్తూ పిల్ల ఎత్తూ ఒకటే, వంగే పని లేదు. వేళ్లు సన్నగా ఉంటాయి. ఇంకొకటి ఉంది. పెద్దమనిషి అయిన పిల్ల చేలోకి వస్తే మొగ్గ రాలిపోతుందని ఆ ఊళ్లో నమ్మకం. అందుకని ఈడు వచ్చేదాకే పిల్లకు ఆ పని. ఈడు రాగానే చేను వద్దంటుంది, ఇంట్లో పెళ్లి మాట మొదలవుతుంది. ఈ రెండింటి మధ్య బడికి చోటెక్కడ? నేనూ అలా పెరిగినదాన్నే. మా అమ్మ చెప్పిన కబుర్ల కన్నా పత్తి మొగ్గలే నాకు ఎక్కువ గుర్తు.

హులిగెమ్మను నేను మొదట చూసింది అక్కడే. తొమ్మిదేళ్లు ఉంటాయేమో. మిగతా పిల్లలు మమ్మల్ని చూసి పని ఆపారు, ఈ పిల్ల ఆపలేదు. రెండు చేతులతో రెండు మొగ్గలు గిల్లుతోంది. అలా గిల్లడం నాకు ఎన్నడూ రాలేదు. అక్కడే, ఆ చేని గట్టు మీదే, నాకు మొదటిసారి కుళ్లు పుట్టింది.

ఆ చేను కౌలుకు చేసే రైతు కాలువ కిందికి వలస వచ్చిన కోస్తా మనిషి. జవళగేర వైపు వరి చేసి, ఇటు పత్తికి వచ్చాడు. చెడ్డవాడు కాదు. తెల్ల బనీనుతో గట్టు మీదికి వచ్చి, "ఏవమ్మా, పొద్దున్నే మా చేలో పాటకచేరీ ఏంటి? పువ్వు వాడిపోతుంది, ఆనక పాడుకోండి" అన్నాడు.

"పువ్వు వాడిపోతే మళ్ల పూస్తది అన్నా. ఈ పిల్లకు ఈడు దాటితే మళ్ల రాదు" అన్నాను.

"ఆ మాట వాళ్లమ్మకి చెప్పండమ్మా. నేనేమన్నా ఎత్తుకొచ్చానా? బతిమాలి పంపిందావిడ."

ఆయన చెప్పింది నిజం. అందుకే ఆ మధ్యాహ్నం నేను హులిగెమ్మ తల్లి దగ్గరికి పోయాను.

మారెమ్మ అడిగిన మాట

హులిగెమ్మ తల్లి మారెమ్మ. మొగుడు పోయి చాలా కాలమైంది. రొట్టె తడుతూ నా మాటలన్నీ విన్నది. బడికి పోతే బిడ్డ బాగుపడుతుందని, నాలుగు అక్షరాలు వస్తే లోకం తెలుస్తుందని నాకు వచ్చిన పాఠమంతా చెప్పాను. ఆమె రొట్టె తిప్పేసి అడిగింది.

"నీకొస్తయా అక్షరాలు?"

"రావు."

"మరి నువ్వు బతుకుతలేవా? చీర కట్టుకొని, బ్యాగు ఏసుకొని, బస్సుల తిరుగుతలేవా? చదువు రాకుంటె నీకేం తక్కువైంది? నా బిడ్డకేం తక్కువైతది?"

ఇంతకన్నా మంచి ప్రశ్న నా ఉద్యోగంలో ఎవరూ అడగలేదు. పక్కన ఉన్న డప్పు అబ్బాయి తల దించుకున్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

"అట్లనా? అయితె నేను గూడ పలక పడత. నీ బిడ్డ పక్కన కూసొని నేర్సుకుంట. ముందు ఎవరికొస్తదో చూద్దాం, నీ బిడ్డకా నాకా?"

మారెమ్మ నవ్వింది. "ముసలిదానివి, నీకేం వస్తది? నా పోరి నిన్ను ఓడగొడతది."

"పంపి చూడు మరి."

ఆ పంతం మీద పంపింది. ఇది హక్కుల గురించి చెప్పి గెలిచిన గెలుపు కాదని గుర్తుంచుకోండి.

అలా నేను శిబిరంలో, పిల్లల వెనక వరసలో, గోడకు ఆనుకుని కూర్చున్నాను. బడి కన్నడం కాబట్టి ముందు కన్నడ అక్షరాలే నేర్చాను. తెలుగువి ఆ తర్వాత, వాటి అక్కచెల్లెళ్లుగా వచ్చాయి. హులిగెమ్మ నెల తిరక్కుండా తన పేరు రాసింది. నేను ఇంకా మొదటి అక్షరం దగ్గరే ఉన్నాను. బలపం నా వేళ్లలో నిలిచేది కాదు. ఆ పిల్ల వెనక్కి తిరిగి నా పలక చూసి, "నర్సక్కా, నీ అక్షరం కడుపుతో ఉంది" అంది. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను, కానీ ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆ పిల్లకు పప్పు నేనే వడ్డించాల్సి ఉంటే గరిటె ఇంకొకరికి ఇచ్చేశాను.

మా ఇద్దరివీ అవే మొగ్గలు గిల్లిన వేళ్లు. ఆమెవి సమయానికి పలక మీదికి వచ్చాయి. నావి రాలేదు. ఆ పిల్ల వాక్యాలు చదువుతుంటే నాకు కడుపులో మండేది. ఆ మంటతోనే నేర్చుకున్నాను. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే అది ఏ గురువు గొప్పా కాదు.

ఆదివారం

ముదగల్ బజారులో ఒక సాయంత్రం మా సభ. బస్సు దిగి ఇంటికి పోయేవాళ్లు, కూరగాయలు బేరమాడేవాళ్లు. నేను పాడుతున్నాను, ఎవరి దారిన వాళ్లు పోతున్నారు. ఆ రోజు శిబిరం పిల్లలను కూడా తీసుకుపోయాం. ప్రభాకర్ సార్‌కు ఏం తోచిందో హులిగెమ్మ చేతికి మైకు ఇచ్చి, "చేన్ల ఉన్నప్పటి సంగతి ఏదైనా చెప్పు" అన్నారు.

ఆ పిల్ల "నాకు ఆదివారం ఉంటదని తెల్వదు" అంది. "చేన్ల ఉన్నప్పుడు ఎవరు చెప్పలే. పువ్వు రోజు పూస్తది గద. ఇక్కడికొచ్చినంక టీచరు రేపు ఆదివారం అన్నది. ఆదివారం అంటె ఎవరని అడిగిన. అందరు నవ్విండ్రు."

బజారు ఆగిపోయింది. టమాటాలు తూచే అతని చేతిలో తక్కెడ అలాగే ఉండిపోయింది. ఒక పెద్దాయన టోపీ తీసి కళ్లు తుడుచుకున్నాడు.

నేను వెనక నిలబడి ఉన్నాను. నాకూ ఆదివారం తెలియదు. హులిగెమ్మ కన్నా ఎన్నో ఏళ్ల ముందు నుంచీ తెలియదు. నా పాటలో ఆ మాట ఎన్నడూ రాలేదు, నన్ను ఎవరూ అడగలేదు, అడిగినా తక్కెడ ఆగేది కాదు. అప్పుడు నాకు ఒక సంగతి అర్థమైంది. పేదపిల్లను చూసి లోకం కంటతడి పెడుతుంది. ఆ పిల్లే పెరిగి పెద్దదై, మొరటు చేతులతో ఎదురుగా నిలబడితే, ఈమె సోమరి అయి ఉంటుంది అనుకుంటుంది. పేదపిల్ల పెరిగితే అయ్యేది నేనే. నన్ను చూసి ఎవరూ ఏడవరు. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఈ ఒక్క మాట మరిచిపోకండి. ఆ పిల్ల కోసం ఏడ్చి, ఆ పిల్ల తల్లిని కసురుకునే సార్లను, మేడమ్‌లను నేను చాలామందిని చూశాను.

ఆ రోజు నుంచి ప్రతి సభలోనూ హులిగెమ్మ ఆదివారం మాట చెప్పేది. మైకు ఎలా పట్టుకోవాలో నేనే నేర్పాను. ఎక్కడ ఆగాలో కూడా. "ఆదివారం అంటె ఎవరని అడిగిన" అన్నాక ఒక గుక్క ఆగాలి. ఆ పిల్ల రెండు సభల్లో నేర్చేసింది. నాలుగో సభకు కళ్లలో నీళ్లు కూడా తెచ్చుకుంది. సభ అయ్యాక అరటిపండ్లు, శభాష్‌లు, ఫోటోలు. నన్ను డప్పు మోసే అబ్బాయి పక్కన నిలబెట్టేవారు.

ఊళ్లు తిరిగే కొద్దీ ఆమెకు తరగతి తప్పేది. వెనక వరసలో నేను ఉండేదాన్ని, ముందు వరసలో ఆమె చోటు ఖాళీగా ఉండేది. చేను చేసిన పనే మేమూ చేస్తున్నాం అని టీచరు ఒకసారి మెల్లగా అంది. సార్ వినిపించుకోలేదు. నిజం చెప్పాలంటే నేనూ వినిపించుకోలేదు. ఆమె లేని రోజుల్లో నా చదువు బాగా సాగేది మరి.

మైకు ఎవరిది

హులిగెమ్మ శిబిరానికి వచ్చి రెండో ఏడు నడుస్తోంది. ఆరో తరగతిలో చేరడానికి సర్కారు హాస్టల్ బడికి ప్రవేశపరీక్ష ఉంటుంది. గెలిస్తే పదో తరగతి దాకా తిండీ చదువూ అక్కడే. ఓడితే హులిగెమ్మ లాంటి పిల్లకు మళ్లీ చేనే. మరుసటి ఏడు రాయడానికి ఆమెకు వయసు దాటిపోతుంది. ఆ పరీక్ష మాన్విలో. సరిగ్గా అదే రోజు రాయచూరులో మా సంస్థ పెద్ద సభ. బయటి నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు. వాళ్లకు నచ్చితే ఇంకో శిబిరం పెట్టడానికి సాయం చేస్తారు.

సార్ మాట న్యాయంగానే ఉంది. "ఒక్క పిల్ల పరీక్ష చూడాల్నా, ఊరి పిల్లలందర్ని చూడాల్నా, నర్సమ్మా? హులిగెమ్మ మాట్లాడితే శిబిరం వస్తది. నువ్వే చెప్పు." ఇప్పటికీ అది తేలిక ప్రశ్న అనుకోను.

కష్టం ఎక్కడంటే, హులిగెమ్మకే పరీక్షకు పోవాలని లేదు.

"నేను పోను. సార్ కొత్త గౌను తెస్తన్నడు. మా అమ్మ గూడ చూడనీకి వస్తది" అంది. శిబిరం అరుగు మీద కూర్చుని జడకు రిబ్బను కట్టుకుంటోంది.

"పరీక్ష మళ్ల రాదే."

"రాకపోతె పోనీ. నేను మాట్లాడితె అందరు ఏడుస్తరు. నువ్వు పాడితె ఎవరన్న ఏడ్సిండ్రా ఎప్పుడన్న?"

"లేదు."

"నీకు కుళ్లు నర్సక్కా. నాకు మాలుం. నేను మైకుల మాట్లాడేటప్పుడు నువ్వు మూతి గిట్ల పెడతవ్." మూతి ముడిచి, కనుబొమ్మలు దించి చూపించింది. అచ్చం నా మొహమే. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఔనే, కుళ్లే" అన్నాను. "నా బాధ నలుగురి ముందర చెప్పుకునుడు నాకూ వస్తది. నీకంటె ఎక్కువ ఏండ్లు పడ్డ. కానీ ఆ పరీక్ష నాకు రాదు. నాకు రానిది నీకు వస్తదేమో అని నీ ఎంట తిరుగుతున్న. నువ్వు గూడ నాకొచ్చిన పనే చేస్త అంటే, ఇంక నీకూ నాకూ ఏంది ఫరక్?"

రిబ్బను ముడి మధ్యలో ఆగింది.

"నీకు రానే రాదా?"

"రాదు."

"లెక్కలు గూడ?"

"లెక్కలు అసలే రావు."

"నాకొస్తయి" అంది. ముడి బిగించి మళ్లీ అంది, "భాగారాలు గూడ వస్తయి నాకు. పోయి రాసి చూపిస్త నీకు. మరి మైకు?"

"మైకు నాకియ్యి."

"ఇయ్య. ఒక్క రోజుకే అయితె ఇస్త."

ఆ పిల్లను మాన్వికి పంపింది చదువు మీద ప్రేమ అని ఎవరైనా రాస్తే నమ్మకండి. నన్ను ఓడించాలని పోయింది. నేను పంపడంలో కూడా నా లెక్క నాకుంది. ఆ మైకు నాకు కావాలి. ఇద్దరి కుళ్లూ ఒక దారిలో పడింది, అంతే.

సభ

పొద్దున టీచరు హులిగెమ్మను మాన్వి బస్సు ఎక్కించుకుపోయింది. నేను రాయచూరు పోయాను. హాలు ముందు సార్ ఎదురుచూస్తున్నారు, చేతిలో కొత్త గౌను ఉన్న సంచీ.

"పిల్ల ఏది?"

"పరీక్షకు పోయింది సార్."

ఆయన అరవలేదు. సంచీని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నారు. "అయితే నువ్వే చెప్పు. చూద్దాం" అన్నారు. నాకు ఆయన మీద గౌరవం పోకపోవడానికి కారణం ఆ రోజు ఆయన అరవకపోవడమే.

మైకు ముందు నిలబడ్డాను. ఇన్నాళ్లు కోరుకున్నది దొరికింది. నా ఆదివారం గురించి చెప్పాను. మా అమ్మ గురించి, మొగ్గల గురించి చెప్పాను. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాను. ముందు వరసలో ఒకాయన నీళ్లు తాగాడు. ఒకామె ఫోను చూసుకుంది. నా మాటలు వాళ్ల దాకా పోయి కింద పడుతున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. హులిగెమ్మ అయితే ఈపాటికి ఏడిపించేది అనుకున్నాను. మైకు చేతిలో ఉన్నప్పుడు కూడా కుళ్లు పోలేదు.

అప్పుడు వెనక నుంచి ఒక గొంతు లేచింది. మారెమ్మ. బిడ్డను కొత్త గౌనులో చూద్దామని మంచి చీర కట్టుకుని వచ్చింది.

"నా బిడ్డేది?" అని గట్టిగా అడిగింది. "పని ఇడిసిపెట్టుకొని వచ్చిన! నీ మొకం చూడనీకి వచ్చిన్నా నేను?"

హాలు అంతా వెనక్కి తిరిగింది. నేను మైకులోనే జవాబు చెప్పాను. ఏం చేస్తున్నానో తెలియలేదు.

"పరీక్షకు పోయింది మారెమ్మా. మాన్వికి."

"ఎవర్ని అడిగి పంపినవ్?"

"నిన్ను అడిగితె పంపనిస్తువా?"

"పంపక! నేనేం చెడ్డ తల్లినా? నాకు చెప్పకుంట నా బిడ్డను మాన్వికి తోలనీకి నువ్వెవరు? ఏం తినిపోయింది? ఎవరున్నరు దాని ఎంట?"

"టీచరుంది. ఉప్మా తిన్నది. అరవకు, కూసో."

జనం నవ్వారు. స్టేజీ మీది పెద్దమనిషి కూడా నవ్వాడు. సార్ తల పట్టుకున్నారు. మారెమ్మ కూర్చోలేదు. ముందున్న కుర్చీ వీపు పట్టుకుంది. తర్వాత, అంత హాలు ఉన్న సంగతి మరిచిపోయి, ఇంట్లో పొయ్యి దగ్గర అడిగినట్టు అడిగింది.

"పాసైతదా, నర్సమ్మా?"

నేను మైకు దించేశాను. "తెల్వదు" అన్నాను. "నాకు తెల్వదు."

నవ్వు ఆగింది. ముదగల్ బజారులో ఆదివారం మాటకు వచ్చిన నిశ్శబ్దం నాకు గుర్తుంది. ఇది వేరు. ఎవరూ కళ్లు తుడుచుకోలేదు. ఆమెతో పాటు అందరూ మాన్వి వైపు చూస్తున్నట్టు కూర్చున్నారు. అన్నేళ్లు చైతన్యం అని తిరిగాను కదా, దాన్ని కళ్లారా చూసింది ఆ కాస్సేపే. అది నా పాటకు రాలేదు, నా కష్టానికీ రాలేదు. ఒక తల్లి ఆశపడటం జనం చూశారు, అంతే. పేదవాళ్ల బాధ చూపించడం మాకు బాగా వచ్చు. వాళ్ల ఆశ చూపించాలని మాకు తోచలేదు.

అలాగని కథ తియ్యగా ముగియలేదు. ఆ ఏడు రెండో శిబిరం రాలేదు. వచ్చిన పెద్దలకు సభ సరదాగా అనిపించింది, సాయం చేయాలని మాత్రం అనిపించలేదు. నీవల్లే అని సార్ అన్నారు. కావచ్చు. ఆ శిబిరానికి రావలసిన పిల్లలు ఆ ఏడంతా చేలోనే ఉన్నారు, వాళ్లలో కొందరి పేర్లు నాకు తెలుసు. మైకు మళ్లీ చాలాకాలం నాకు ఇవ్వలేదు. అయినా బడి రోజున పిల్లను స్టేజీ ఎక్కించకూడదనే నా మాట మారలేదు. మీ సార్ ఎంత మంచివాడైనా సరే, ఆ ఒక్కదానికి ఒప్పుకోకండి.

హులిగెమ్మ పాసైంది. ఫలితం తెలిసిన రోజు శిబిరానికి పరుగెత్తుకొచ్చి నాతో అన్న మొదటి మాట, "చూసినవా? నీకు రానిది."

లింగసుగూరులో

ఇప్పుడు ఆ పిల్ల లింగసుగూరులో ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. మారెమ్మ ఆమె దగ్గరే ఉంటుంది. ఈ మధ్య అటువైపు పని పడి, చెప్పకుండానే వాళ్లింటికి పోయాను. మధ్యాహ్నం కావస్తోంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. తట్టబోయాను. మారెమ్మ గబగబా బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మెల్లగ! లేస్తది."

"ఏమైంది? ఒంట్ల బాగలేదా?"

"బానే ఉంది. పండుకున్నది." వింత ప్రశ్న అడిగినట్టు చూసింది నన్ను. "ఇయ్యాల ఆదివారం గద."

తలుపు సందులోంచి చూశాను. ఫ్యాను కింద, నోరు కొంచెం తెరిచి, ఒక చెయ్యి మంచం కిందికి వేలాడేసి నిద్రపోతోంది. పొద్దు నడినెత్తికి వచ్చినా. నాకు ఇవాళ్టికీ కోడి కూయకముందే మెలకువ వస్తుంది, పని ఉన్నా లేకపోయినా. పగలు పడుకుంటే ఎవరో తిడుతున్నట్టు ఉంటుంది. అంత నిశ్చింతగా పడుకోవడం నేను ఏ శిబిరంలో, ఏ వరసలో కూర్చుని నేర్చుకోవాలి?

మారెమ్మ గుమ్మంలోనే చాయ్ తెచ్చి ఇచ్చింది. ఇద్దరం మెట్టు మీద కూర్చుని గుసగుసగా మాట్లాడుకున్నాం. వీధిలో గాజులమ్మే అతను కేక వేస్తే మారెమ్మ లేచిపోయి అతన్ని కసిరి వచ్చింది. నాకు అదే పాత మంట, అదే చోట, కడుపులో మొదలైంది. మూతి ముడుచుకునే ఉందేమో కూడా. అక్కడే కూర్చున్నాను. ఆ పిల్ల తనంతట తాను లేచేదాకా లేపలేదు.